హెక్స్‌లో మొదటి ఎత్తు: మధ్యలో పెడితే లాక్కుంటున్నారు, మూలలో పెడితే ఓడిపోతున్నా

కొత్తకాయ:
అందరికీ నమస్తే. హెక్స్ (ఆరు భుజాల గళ్ల బోర్డు మీద కాయలు పెడుతూ, ఎదురెదురుగా ఉన్న తన రెండు అంచుల్ని ముందు కలిపినవాడు గెలిచే ఆట) మొదలుపెట్టి రెండు నెలలైంది, 11×11 బోర్డు మీదే ఆడుతున్నా. మొదట్లో స్వాప్ లేకుండా ఆడేవాళ్లం. నా వంతు ముందొస్తే ఆలోచించకుండా నడిమధ్యన ఎఫ్6లో (అక్షరం నిలువు వరస, అంకె అడ్డం వరస) పెట్టేసేవాణ్ని, దాదాపు ప్రతిసారీ గెలిచేవాణ్ని, నాకు ఆట వచ్చేసిందని తెగ సంబరపడ్డా. ఇప్పుడు ఆడేవాళ్లందరూ స్వాప్ రూల్ పెట్టుకుంటున్నారు. అంటే నేను మొదటి కాయ పెట్టాక అవతలివాళ్లు కావాలంటే తమ ఎత్తు ఆడకుండా నా కాయనే తీసేసుకోవచ్చు. ఎఫ్6 పెడితే మరుక్షణం లాక్కుంటున్నారు, ఆ తర్వాత నేను తేరుకోవడం లేదు. సరే ఇలా కాదని ఎ1లో, ఆ కోసుగా ఉన్న మూలలో పెట్టా. ఎవరూ లాక్కోలేదు, హాయిగా నన్ను ఓడించి వెళ్లారు. అసలు సరైన ఓపెనింగ్ ఏది? ఒక్కటి చెప్పండి చాలు, బట్టీ పట్టేస్తా.

మూడోవరస:
నేను చెస్ నుంచి వచ్చా, నాకూ ఇదే బాధ. అక్కడైతే మొదటి పది పన్నెండు ఎత్తులు పేర్లతో సహా రాసిపెట్టి ఉంటాయి. ఇక్కడ ఎవర్నడిగినా "పొజిషన్ బట్టి" అంటారు. ఎవరైనా ఒక లిస్టు ఇవ్వండి మహాప్రభో.

వంతెన:
లిస్టు సంగతి తర్వాత. ముందు కొత్తకాయ అడిగిన ప్రశ్నలోనే మెలిక ఉంది, అది విప్పితే సగం పని అయిపోతుంది.

స్వాప్ లేనప్పుడు నువ్వు వెతికేది బలమైన ఎత్తు. స్వాప్ ఉన్నప్పుడు వెతకాల్సింది అది కాదు. లాక్కోవాలా వద్దా అని అవతలివాడు తల గోక్కునే ఎత్తు కావాలి. ఇద్దరు ఒక వస్తువు పంచుకునేటప్పుడు ఒకరు ముక్కలు చేసి రెండోవారు ఏరుకుంటే, ముక్కలు చేసేవాడు చచ్చినట్టు సమానంగా చేస్తాడు కదా, అచ్చం అదే. ఎఫ్6 మరీ పెద్ద ముక్క, ఎవడైనా ఎగరేసుకుపోతాడు. ఎ1 మరీ చిన్న ముక్క, దాన్ని ఎవడూ ముట్టుకోడు, అది నీ చేతిలోనే మిగిలిపోతుంది. రెంటికీ ఫలితం ఒకటే, నువ్వు వెనకబడ్డావు.

కాబట్టి "సరైన ఓపెనింగ్" అంటే గెలిపించే ఓపెనింగ్ అనుకోకు. పక్కాగా లెక్క వేయగలిగితే ప్రతి గడీ పెట్టినవాడు గెలిచేదో ఓడేదో అయి ఉంటుంది, మధ్యస్థం అనేది ఉండదు. మనుషులం కాబట్టి తేల్చలేని గళ్లు కొన్ని మిగిలాయి, వాటి మీదే బతుకుతున్నాం.

కొత్తకాయ:
"మధ్యస్థం ఉండదు" అంటే? డ్రా అవ్వదా ఎప్పుడూ? నిజం చెప్పాలంటే నా ఆటల్లో ఒక్కటీ డ్రా కాలేదు, కానీ అది నేను ఓడిపోతుండటం వల్ల అనుకున్నా 😅

లెక్కలపిచ్చి:
నా సబ్జెక్టు వచ్చింది, జరగండి.

హెక్స్‌లో డ్రా అసాధ్యం. ఎరుపు పైఅంచు నుంచి కిందిఅంచుకి కలపాలి, నీలం ఎడమ నుంచి కుడికి. బోర్డంతా నిండిపోతే ఎవరో ఒకరి దారి కచ్చితంగా పూర్తయి ఉంటుంది, ఇద్దరివీ ఒకేసారి పూర్తి కావు. నీలాన్ని పూర్తిగా ఆపాలంటే ఎరుపుకి ఉన్న ఒకే ఒక్క మార్గం తన దారి కట్టడమే. చదరపు గళ్ల బోర్డు మీదైతే నాలుగు గళ్లు ఒక మూల దగ్గర కలుస్తాయి, అక్కడ ఇద్దరూ ఇరుక్కుపోయే వీలుంది. ఆరు భుజాల గళ్లలో ఏ బిందువు దగ్గరైనా మూడే కలుస్తాయి, అందుకే ఆ ఇరుకు రాదు.

ఈ ఆటని 1942లో డెన్మార్క్‌కి చెందిన పీట్ హైన్ కనిపెట్టాడు, అక్కడి పొలిటికెన్ పత్రికలో పాలిగన్ అనే పేరుతో వచ్చింది. కొన్నేళ్లకి గణితవేత్త జాన్ నాష్ అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో ఉండగా సొంతంగా మళ్లీ కనిపెట్టాడు. 1952లో పార్కర్ బ్రదర్స్ అనే ఆటల కంపెనీ అమ్మకానికి పెట్టినప్పుడు హెక్స్ అనే పేరు వచ్చింది. నాష్ చేసిన అసలు పని ఇది: ముందు ఆడేవాడికి గెలుపు దారి ఉందని రుజువు చేశాడు. రుజువు నాలుగు ముక్కల్లో అయిపోతుంది. డ్రా లేదు కాబట్టి ఇద్దరిలో ఒకరికి గెలుపు దారి ఉండాలి. అది రెండోవాడికి ఉందనుకుందాం. అప్పుడు మొదటివాడు ఎక్కడో ఒక కాయ పెట్టేసి, అది లేదనుకుని, తనే రెండోవాణ్నని భావించి ఆ దారినే వాడుకుంటాడు. అదనంగా ఉన్న కాయ హెక్స్‌లో ఎప్పుడూ చెడు చెయ్యదు. మరి ఇద్దరికీ గెలుపు ఎలా ఉంటుంది? కాబట్టి రెండోవాడికి లేదు.

కొత్తకాయ:
బాగుంది. మరి ఆ గెలుపు దారి ఏమిటి?

లెక్కలపిచ్చి:
అది మాత్రం రుజువు చెప్పదు 🙂 ఉందంటుంది, ఎక్కడుందో చెప్పదు.

తేనెపట్టు:
మా ఇంట్లో తాళంచెవి లాగ.

నిచ్చెనమెట్టు:
నాష్ రుజువు మీద ఎన్ని పేజీలు రాసినా కొత్తకాయకి ఒక్క ఆట కూడా గెలిచిపెట్టదు. అతనికి కావాల్సింది ఎ1 ఎందుకు చెత్తో, ఎఫ్6 ఎందుకు బంగారమో కంటికి కనిపించడం. 2×2 బోర్డు గీసుకో. నాలుగే గళ్లు: ఎ1, బి1, ఎ2, బి2 (కింది వరస పై వరస కంటే అర గడి కుడికి జరిగి ఉంటుంది). నువ్వు ఎరుపు. ఎ1లో పెట్టావు. ఎ1కి కింద తగిలేది ఎ2 ఒక్కటే. నీలం వచ్చి ఎ2లో కూర్చుంటుంది. ఎ2కి కుడివైపు బి1, బి2 రెండూ తగులుతాయి, నువ్వు ఒకటి మూస్తే నీలం ఇంకోదాంట్లో పెడుతుంది. అయిపోయింది. అదే నువ్వు మొదట ఎ2లో పెట్టి ఉంటే? దానికి పైన ఎ1, బి1 రెండూ ఖాళీ. నీలం ఒకటి మూస్తే నువ్వు ఇంకోటి. గెలిచావు. మూలల్లో రెండు రకాలున్నాయని ఇక్కడే అర్థం కావాలి. ఎ1, బి2 కోసు మూలలు. ఎ2, బి1 వెడల్పు మూలలు. పెద్ద బోర్డులో కూడా అంతే: ఎ1, కె11 కోసువి, ఎ11, కె1 వెడల్పువి.

వంతెన:
దీన్నే 11×11కి సాగదీయండి. ఎరుపు ఎ1 పెట్టింది, నీలం ఎ2 పెట్టింది. ఎ1కి బోర్డులో పక్కవాళ్లు ఇద్దరే, ఎ2, బి1. ఎ2 నీలం అయిపోయింది. మిగిలిన బి1 ఎలాగూ పైఅంచులోనే ఉంది, దానికి ఎ1 సాయం అక్కర్లేదు. అంటే ఎ1 కాయ చచ్చిపోయింది, తీసేసినా ఆటలో తేడా రాదు. నువ్వు ఒక ఎత్తు గాల్లో కలిపేసి నీలాన్ని ముందు ఆడమన్నట్టు.

లెక్కలపిచ్చి:
ఒక్క సవరణ, ఇది ఎ1 ఓడిపోతుందనడానికి పూర్తి రుజువు కాదు, ఎందుకంటే నీలం "ముందు ఆడిన" ఎ2 కూడా గొప్ప ఎత్తేం కాదు. పూర్తి రుజువు వేరే ఉంది, అనటోల్ బెక్ 1969లో ఇచ్చాడు: 2×2 మొదలుకుని ఏ సైజు బోర్డులోనైనా కోసు మూలలో ఓపెనింగ్ ఓటమే.

మూడోవరస:
ఓకే, ఎ1 అవుట్. మధ్యలో పెడితే ఎందుకంత బలం? చెస్‌లో సెంటర్ అంటే గుర్రాలు అన్ని వైపులకీ దూకుతాయి. ఇక్కడ కాయలు కదలవు కదా.

వంతెన:
కదలవు, కానీ చేతులు చాస్తాయి. వంతెన తెలుసు కదా, రెండు కాయలు ఒకదాన్నొకటి తగలకపోయినా వాటి మధ్య రెండు ఖాళీ గళ్లు ఉమ్మడిగా ఉంటే అవి కలిసినట్టే, అవతలివాడు ఒకటి మూస్తే మనం రెండోది. ఎఫ్6 నుంచి కిందకి ఇ8 వంతెన, మధ్యలో ఎఫ్7, ఇ7. ఇ8 నుంచి డి10. డి10 కిందకి డి11, సి11, ఏదైనా ఒకటి చాలు. పైకి జి4, హెచ్2, ఆపైన హెచ్1 గానీ ఐ1 గానీ. లెక్కపెట్టు: ఎఫ్6తో కలిపి 5 కాయలకే పై నుంచి కింది దాకా దారి పడిపోయింది. 11 వరసలు, 5 కాయలు. మధ్యలో నీలం ఊరుకోదనుకో, కానీ నువ్వు ఏ వైపు సాగినా సగం దూరమే మిగులుతుంది, అవతలివాడు రెండు వైపులా కాపు కాయాలి.

ఇంకోటి చూశావా, ఆ వంతెనలన్నీ డి10 నుంచి హెచ్2 దాకా ఒకే వాలులో, ఎడమ కింది నుంచి కుడి పైకి ఒరిగి ఉన్నాయి. వెడల్పు మూలలు ఎ11, కె1 ఉన్నది కూడా ఆ వైపే. అందుకే ఆ రెండు మూలల్ని కలిపే పొట్టి కర్ణం మీద గళ్లు దాదాపు అన్నీ బలమైనవి, కోసు మూలల వైపు పోయేకొద్దీ బలం తగ్గుతుంది.

తేనెపట్టు:
గణితవేత్త క్లాడ్ షానన్ 1950ల మొదట్లో హెక్స్ ఆడే యంత్రం కట్టాడు, అది ఎత్తులు వెతకదు, లెక్కలు చెయ్యదు, బోర్డు మీద కాయల్ని విద్యుత్ ఆవేశాల్లా పెట్టి పొటెన్షియల్ చూసి ఎక్కడ కీలకమో అక్కడ ఆడుతుంది. వంతెన చెప్పిన "చేతులు చాచడం" వింటే నాకు అదే గుర్తొచ్చింది. ఓపెనింగ్‌లో మనం చేసేది కూడా కొంచెం అదే కదా, లెక్క తేలదు, వాలు చూసుకుని పెడతాం.

మూడోవరస:
సరే నేనే లిస్టు మొదలెడతా. ఎడమ అంచు మీద ఎ2, ఎ3, ఎ10, ఇలాంటివి పెడుతుంటారు అని చూశా. నాకర్థమైనంత వరకు వీటి లాజిక్ ఇది: ఎరుపుకి ఎడమ అంచు పనికిరాదు కాబట్టి బలహీనం, కానీ పూర్తిగా చచ్చినది కాదు, లాడర్ (అంచు పక్కన ఒకరు దూసుకుపోతుంటే ఇంకొకరు ఆపుతూ, ఇద్దరూ పక్కపక్క వరసల్లో కాయలు పెట్టుకుంటూ పోవడం) వచ్చినప్పుడు ఆదుకుంటుంది. ఎ2 పై అంచు లాడర్‌కి, ఎ10 కింది అంచు లాడర్‌కి. రెండూ ఒకటే అన్నమాట, అద్దంలో బొమ్మలాగా.

నిచ్చెనమెట్టు:
తప్పు. లాడర్ గురించి ఎవరైనా తప్పు రాస్తే నాకు నిద్రపట్టదు, పేరు చూశారుగా.

ఎ2 వరకు నువ్వన్నది కరెక్ట్. పై అంచు పక్కన, రెండో వరసలో, ఎరుపు ఎడమవైపు పరిగెడుతోంది అనుకో. ఇ1లో ఆల్రెడీ నీలం ఉంది. నీ కాయ డి2లో, డి1 పెడతానని బెదిరింపు. నీలం డి1 మూసింది. నువ్వు సి2, నీలం సి1. నువ్వు బి2, ఇప్పుడు పక్కనే నీ ఎ2 ఉంది. రెండూ కలిశాయి, పైన ఎ1, బి1 రెండు ఖాళీలు. నీలం బి1 మూస్తే నువ్వు ఎ1. చేరిపోయావు. ఎ2 లేకపోతే నువ్వు బి2, నీలం బి1, నువ్వు ఎ2, నీలం ఎ1, అంతే, గోడకి గుద్దుకున్నావు.

ఇప్పుడు ఎ10 చూడు. ఎ10 కింద ఏముంది? ఎ11 ఒక్కటే. ఎందుకంటే ఆ మూల వెడల్పు మూల, గళ్లు వేరే తీరుగా వాలి ఉంటాయి. కింద పదో వరసలో ఎడమకి పరిగెత్తుకుంటూ వచ్చి బి10 పెట్టావు, బి11 అప్పటికే నీలానిది, మిగిలింది ఎ11. నీలం ఎ11లో పెడుతుంది. నీ ఎ10 చూస్తూ కూర్చుంటుంది. ఎ2కి అసలైన జోడీ ఎ10 కాదు, కె10. బోర్డుని 180 డిగ్రీలు తిప్పితే ఎ2 వెళ్లి కె10లో పడుతుంది. దాని కింద కె11, జె11 రెండూ ఉన్నాయి.

మూడోవరస:
గీసి చూశా. ఒప్పుకుంటున్నా. అద్దం అనుకున్నా గానీ తిప్పుడు. మరి ఎ10 ఎందుకు పెడతారు జనం?

వంతెన:
అది లాడర్ కోసం కాదు, వెడల్పు మూల దగ్గర నీలం ఎడమ అంచుని అందుకునే దార్లు కొన్నింటిని అది చెడగొడుతుంది. ఎడమ అంచు నీకు పనికిరాదు, కానీ నీలానికి పనికొస్తుంది కదా. నీకు ఉపయోగపడే కాయ, వాడికి అడ్డుపడే కాయ, ఇవి రెండు వేర్వేరు లెక్కలు. ఓపెనింగ్ కాయని తూచేటప్పుడు రెండూ కలపాలి.

కొత్తకాయ:
మీరంతా రాసింది రెండుసార్లు చదివా. ఎ2 పెట్టి నిన్న ఆడా. అవతలి వ్యక్తి స్వాప్ చెయ్యలేదు, నీలం తీసుకుని ఎఫ్6 పెట్టారు. నేను ఎక్కడ చెడగొట్టుకున్నానో చెప్తారా. నాది ఎరుపు:

ఎ2, ఎఫ్6
జి6, జి5
హెచ్5, హెచ్4
ఐ4, ఐ3
జె3, జె2

ఇక్కడికి కుడివైపు అయిపోయింది. ఎడమవైపు కొట్టుకున్నా గానీ నిలబడలేదు. ప్రతి ఎత్తులో అడ్డంగానే పెట్టా కదా అని బాధ.

తేనెపట్టు:
అయ్యో. పెళ్లికొడుకుని పీటల దాకా చెయ్యిపట్టి నడిపించినట్టుంది.

నిచ్చెనమెట్టు:
నవ్వకండి, ప్రతివాడూ ఈ గుంటలో పడి లేచినవాడే.

రెండో ఎత్తు జి6 దగ్గరే ఆట పోయింది. ఎఫ్6కి కుడివైపు రెండు గళ్లు తగులుతాయి, జి6, జి5. నువ్వు ఒకదాన్ని మూశావు, అతను రెండోదాంట్లోకి జారాడు. మళ్లీ ముక్కుకి ముక్కు తగిలించి హెచ్5, అతను హెచ్4. ఐ4, ఐ3. జె3, జె2. జె2కి వచ్చాక కె1, కె2 రెండున్నాయి, ఇంక ఆపేదేముంది. నువ్వు పెట్టిన ప్రతి కాయా అతనికి ఒక అడుగు ముందుకి వేయించింది. పైగా నీ నాలుగు కాయలు, జి6 నుంచి జె3 దాకా, అతని గోడకి కింద ఉండిపోయాయి. కిందిఅంచు వైపు ఏమైనా పనికొస్తాయేమో. కానీ పై నుంచి కిందకి రావాలంటే నీకు ఇక ఎఫ్6కి ఎడమ పక్క ఒక్కటే దారి, ఆ సంగతి అతనికీ తెలుసు. నిన్ను ఆదుకుంటుందనుకున్న ఒక్క కాయ, ఎ2, ఆ యుద్ధానికి చాలా దూరం.

కొత్తకాయ:
మరి ఎదురుగా పెట్టకుండా ఎలా ఆపుతారు?

వంతెన:
దూరం నుంచి. నీళ్లు తోసుకొస్తుంటే చేతులు అడ్డం పెట్టి ఆపలేం, కాస్త ముందు కట్ట వేసుకోవాలి. రెండు మూడు గళ్లు వదిలి పెడితే అతను ఏ పక్కకి తిరిగినా నీకు జవాబు ఇచ్చే చోటు ఉంటుంది.

ఆ పొజిషన్‌లో నేనైతే హెచ్4 గానీ డి8 గానీ పెట్టేవాణ్ని. వెడల్పు మూలల్లో అంచుల నుంచి లెక్కపెడితే నాలుగో వరస, నాలుగో నిలువు వరస కలిసే గళ్లు ఇవి. హెచ్4 తీసుకో. పైఅంచు నుంచి నాలుగో వరసలో ఉంది, చుట్టూ చోటుంది, నీకు పైఅంచుతో సంబంధం దాదాపు కుదిరినట్టే. అదే సమయంలో ఎఫ్6 కుడివైపు వెళ్లే దారికి అడ్డంగా ఉంది. ఒక కాయ, రెండు పనులు. నువ్వు పెట్టిన జి6కి ఒక్కటే పని, అది కూడా చెయ్యలేదు.

డి8 కూడా అలాంటిదే, కిందిఅంచుకి, ఎడమ అడ్డుకి. ఏది ముందు అనేదాని మీద నాకూ ప్రతి ఆటలో సందేహమే. ఎ2 ఉన్నప్పుడు నేను హెచ్4 వైపు మొగ్గుతా, ఎందుకంటే పైన ఏదైనా లాడర్ పుట్టి ఎడమకి పరిగెడితే చివర్లో ఎ2 ఉంది. అంటే మొదట పెట్టిన ఆ అనామకపు కాయ అప్పుడు కూలి గిట్టిస్తుంది. ఓపెనింగ్, రెండో ఎత్తు, రెండూ మాట్లాడుకోవాలి. నీ ఆటలో అవి ఒకదాన్నొకటి ఎరగవు.

మూడోవరస:
ఇది మాత్రం పేపరు మీద రాసి గోడకి అంటిస్తున్నా. కానీ నా అసలు ప్రశ్న అలాగే ఉంది. కంప్యూటర్లు తేల్చెయ్యలేదా? ఇంజిన్ పెట్టి ప్రతి గడి గెలుపో ఓటమో చూసేస్తే పోదా, ఇంత గొడవెందుకు?

లెక్కలపిచ్చి:
చిన్న బోర్డులకి తేల్చేశారు. కెనడాలో అల్బర్టా యూనివర్సిటీ వాళ్లు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 2009లో 8×8లో ప్రతి ఓపెనింగ్ ఫలితం, 2013లో 9×9లో ప్రతి ఓపెనింగ్ ఫలితం, దాంతో పాటు 10×10లో ఒక ఓపెనింగ్. 8 నుంచి 9కి, ఒక్క వరస పెరగడానికి నాలుగేళ్లు. సైజు పెరిగేకొద్దీ కష్టం ఎలా పేలిపోతుందో దీన్నిబట్టి చూసుకో. ఏ సైజు బోర్డుకైనా వర్తించేలా తీసుకుంటే హెక్స్ పీస్పేస్ కంప్లీట్ అని స్టెఫాన్ రైష్ 1981లోనే చూపించాడు, మామూలు మాటల్లో చెప్పాలంటే అన్ని సైజులకీ పనికొచ్చే సులువైన కిటుకు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు.

ఇంకో సంగతి, 9×9 ఫలితం తీసుకొచ్చి 11×11 మీద అతికించకండి. అదే పేరున్న గడి ఒక సైజులో గెలుపు, ఇంకో సైజులో ఓటమి కావచ్చు. ఇంజిన్లు పెద్ద బోర్డులో ఇచ్చేది శాతాలు, రుజువు కాదు.

మూడోవరస:
శాతాలు చాలు కదా. ఎవరికి కావాలి రుజువు. 51 శాతం చూపించే గడి బట్టీ పడితే పోలా.

నిచ్చెనమెట్టు:
పోదు. ఇంజిన్ తనతో తాను ఆడితే వచ్చే 51 అది. నువ్వు ఇంజిన్ కాదు. ఆ 51 నిలబెట్టడానికి పద్నాలుగో ఎత్తులో ఎక్కడో ఒక వింత గడిలో పెట్టాలి, అది నీకూ నాకూ తోచదు. నాకు తెలిసిన ఒకాయన ఇలాగే ఇంజిన్ చూసి ఒక ఓపెనింగ్ పట్టుకొచ్చాడు, చక్కగా సమానం అన్నాడు. నేను స్వాప్ చేశా. అతనికి ఆ పొజిషన్‌లో ఎరుపు వైపు ఆడటం మాత్రమే తెలుసు, నీలం వైపు ఎప్పుడూ ఆలోచించలేదట! స్వాప్ ఉన్న ఆటలో ఏ వైపు మిగులుతుందో మనకి తెలియదు కదా.

వంతెన:
దీంతో నేను నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తా, నిచ్చెనమెట్టుతో ఇలా జరగడం అరుదు కాబట్టి తేదీ రాసిపెట్టుకోండి. చెస్‌లో నువ్వు తెల్లవైపు ఒక ఓపెనింగ్, నల్లవైపు ఇంకోటి తయారుచేసుకుంటావు. ఇక్కడ ఒకే ఓపెనింగ్‌ని రెండు వైపులా కూర్చుని నేర్చుకోవాలి. అది సమానానికి కాస్త అటూ ఇటూ ఉన్నా ఫరవాలేదు. అవతలివాడు స్వాప్ చేస్తే "సరే, ఇది నాకు తెలిసిన ఊబి", చెయ్యకపోతే "ఇదీ తెలిసినదే". ఆ నిమ్మళం ఇంజిన్ ఇచ్చే రెండు శాతం కన్నా ఎక్కువ.

కొత్తకాయకి నా సలహా: ఎ2నే పట్టుకో. మంచిదా చెడ్డదా అనే చర్చ పక్కన పెట్టు. ఒక ముప్ఫై నలభై ఆటలు అదే ఆడు. ఎవరు స్వాప్ చేశారు, ఎవరు చెయ్యలేదు, ఆపైన మొదటి నాలుగు ఎత్తులు, ఒక కాగితం మీద రాసుకో. పదిహేను ఆటల తర్వాత అవే ఆకారాలు తిరిగి తిరిగి రావడం నీకే కనిపిస్తుంది.

తేనెపట్టు:
నేను మాత్రం ప్రతిసారీ వేరే గడిలో పెడతా. స్వాప్ చేసేవాడి మొహం చూడటంలోనే నాకు మజా. మొన్న ఒకరు నాలుగు నిమిషాలు ఆలోచించి స్వాప్ నొక్కారు, నేను పొరపాటున వేలు తగిలి పెట్టిన గడి అది 😂

లెక్కలపిచ్చి:
శాస్త్రీయంగా చెప్పాలంటే తేనెపట్టుది యాదృచ్ఛిక వ్యూహం.

తేనెపట్టు:
గెలుపులు కూడా యాదృచ్ఛికమే.

కొత్తకాయ:
మూడు రోజులుగా ఎ2తోనే ఆడుతున్నా. ఏడు ఆటలు, రెండు గెలుపులు. ఓడినవాటిలో కూడా కుడివైపు అలా చేతికి పట్టుకుని నడిపించడం మానేశా. ఇవాళ మాత్రం ఒకటి అర్థం కాలేదు, అర్జెంటు, ఆట ఆగి ఉంది. నేను ఎరుపు, ఎ2 పెట్టా. అవతలివాళ్లు స్వాప్ నొక్కారు. నా ఎ2 మాయమైపోయింది, బి1లో నీలం కాయ ప్రత్యక్షమైంది. నేను ఇంకా ఎరుపే అని చూపిస్తోంది. ఇదేమైనా బగ్గా?

వంతెన:
బగ్ కాదు. స్వాప్ రెండు రకాలుగా చేస్తారు. ఒకటి, కాయ అక్కడే ఉండి మనుషులు రంగులు మార్చుకుంటారు, నువ్వు నీలం అవుతావు. రెండోది, రంగులు అలాగే ఉండి కాయ మారుతుంది. నీకు జరిగింది రెండోది. నీలం ఆడేది అడ్డంగా కాబట్టి, కాయ రంగు మార్చడంతో పాటు స్థానాన్ని కూడా ఎ1, కె11 కలిపే పొడుగు కర్ణానికి అవతలికి తిప్పాలి. అక్షరం, అంకె ఒకదానికొకటి మార్చుకుంటాయి. ఎ2 అంటే మొదటి నిలువు, రెండో అడ్డం. తిప్పితే రెండో నిలువు, మొదటి అడ్డం, బి1. ఎ3 అయితే సి1 అయ్యేది. ఆటలో మాత్రం తేడా ఏమీ లేదు, నీకు ఎ2 ఎంతో వాళ్లకి బి1 అంత.

నిచ్చెనమెట్టు:
తేడా లేదు అంటే జాగ్రత్త కూడా తిరిగిందని అర్థం. నీకు పై అంచు పక్కన రెండో వరసలో ఎడమకి పరిగెత్తే లాడర్‌కి ఎ2 ఎలాగో, నీలానికి ఎడమ అంచు పక్కన బి నిలువు వరసలో పైకి పరిగెత్తే లాడర్‌కి బి1 అలాగ. ఆ లాడర్ పుట్టనివ్వకు. పుడితే చివరి దాకా లెక్కపెట్టకు, బి1 అక్కడ కాచుకుని కూర్చుంది, ఓడినట్టే.

కొత్తకాయ:
అర్థమైంది. ఇప్పుడు ఎత్తు నాదే. ఒక వెర్రి ప్రశ్న. స్వాప్ అయిపోయింది కదా, మళ్లీ చెయ్యలేరు కదా? అయితే ఇప్పుడు ఎఫ్6 పెట్టొచ్చా?

నిచ్చెనమెట్టు:
స్వాప్ ఒక్కసారే.

వంతెన:
పెట్టెయ్. రెండు నెలల నుంచి దాని కోసమేగా.

కొత్తకాయ:
పెట్టేశా. వాళ్లు డి8 ఆడారు.

తేనెపట్టు:
వాళ్లు కూడా ఇదంతా చదువుతున్నట్టున్నారు.